వీధికుక్క ఖర్చు ఎవరి పద్దు?

పురపాలక సంఘాలు నడిపే కుక్కల ఆపరేషన్ కేంద్రాల్లో ఎప్పటికప్పుడు ఒక లెక్క జరుగుతుంది. ఫార్మలిన్ నింపిన డబ్బాల మూతలు తీసి, లోపలున్న గర్భసంచులు, వృషణాలు బయట పరిచి లెక్కపెడతారు. ఎన్ని ఆడకుక్కలు, ఎన్ని మగకుక్కలు అన్నది రిజిస్టరుతో సరిచూస్తారు. రెండూ కలిస్తేనే ఆపరేషన్లు చేసిన సంస్థ బిల్లుకు దారి దొరుకుతుంది. తర్వాత ఆ అవయవాలను కాల్చేస్తారు. చేయని ఆపరేషన్‌కు బిల్లు పెట్టి, చూపించిన కుక్కనే మళ్లీ చూపించి డబ్బు లాగే అవకాశం లేకుండా నిబంధనల్లోనే ఈ ఏర్పాటు పెట్టారు.

వీధికుక్కల గురించి మన ఊళ్లలో మాటలకు కొదవ లేదు. చంపెయ్యాలనేవారున్నారు, ముట్టుకోవద్దనేవారున్నారు. ఆ ఇద్దరి మధ్య అసలు చర్చకు రానిది ఈ బిల్లు సంగతి. కుక్కను పట్టడానికి, కొయ్యడానికి, కుట్టడానికి, టీకా వేయడానికి, నయమయ్యేదాకా తిండి పెట్టడానికి డబ్బు ఎవరిస్తున్నారు? ఎంత ఇస్తున్నారు? ఎప్పుడు ఇస్తున్నారు? మన వీధిలో కుక్కలు ఎందుకు తగ్గడం లేదన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

ఒక కుక్కకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయడానికి ఇటీవలి సంవత్సరాల్లో చాలా చోట్ల ఆధారంగా తీసుకుంటున్న ధర రూ.1,650. భారత జంతు సంక్షేమ మండలి సూచించిన లెక్క ఇది. ఢిల్లీ నగరపాలక సంస్థ మాత్రం స్వచ్ఛంద సంస్థే కుక్కను పట్టుకొస్తే రూ.1,000, తన బండిలో తానే పట్టి తెచ్చిస్తే రూ.900 ఇస్తూ వచ్చింది. ఈ మొత్తంలో ఏమేం ఇమడాలో చూడండి. వల విసిరే మనిషి కూలి, బండి డీజిలు, మత్తుమందు, డాక్టరు జీతం, కుట్లు వేసే దారం, యాంటీబయాటిక్కులు, రేబిస్ టీకా, ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు రోజుల తిండి, బోను కడిగే మనిషి వేతనం, చివరకు పట్టిన వీధిలోనే తెచ్చి వదిలిపెట్టే ప్రయాణం. ధర తగ్గించి టెండరు పిలిచినప్పుడు వీటిలో ఏది తెగుతుంది? డీజిలు తగ్గదు, మత్తుమందు తగ్గదు. తగ్గించగలిగేవి ఆపరేషన్ తర్వాతి సంరక్షణ, శుభ్రత. కుట్లు ఆరకముందే రోడ్డెక్కిన కుక్క చీము పట్టి చచ్చిపోతే, ఆ కార్యక్రమం మీద ఆ వీధివాళ్లకు నమ్మకం పోతుంది. మరుసటిసారి బండి వస్తే కుక్కను దాచేది వాళ్లే.

యజమాని లేని మూగజీవి

పశువుల సంరక్షణకు స్థానిక ప్రభుత్వం డబ్బు పెట్టడం మనకు కొత్త కాదు. పాతకాలంలో ప్రతి ఊళ్లోనూ బందెలదొడ్డి ఉండేది. చేలో పడి మేసిన గొడ్డును తోలుకెళ్లి దొడ్డిలో కట్టేసేవారు. యజమాని వచ్చి జరిమానాతో పాటు మేత ఖర్చూ కట్టి విడిపించుకునేవాడు. ఎవరూ రాకపోతే వేలం. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం కింద నడిచిన ఈ పద్ధతిలో ఖర్చు ఎవరిదన్న సందేహం లేదు. తప్పు చేసిన గొడ్డుకు ఒక యజమాని ఉన్నాడు, ఖర్చు అతని దగ్గర వసూలవుతుంది, దొడ్డి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది.

వీధికుక్కకు ఆ యజమాని లేడు. వేలంలో కొనేవాడూ లేడు. అందుకే దాని ఖర్చు తిరిగితిరిగి పురపాలక సంఘం గుమ్మం ముందుకే వస్తుంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పురపాలికలకు అప్పగించదగిన 18 పనుల జాబితా ఉంది. అందులో 15వది బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. 2001 డిసెంబరులో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు ఈ బాధ్యతను మరింత తేటపరిచాయి. వీధికుక్కల ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థ చేయించాలి. పెంపుడు కుక్క ఖర్చు పెంచుకునేవారిది.

ఆ నిబంధనలకు ముందు డబ్బు దేనికి ఖర్చయ్యేదో చెన్నై చరిత్ర చెబుతుంది. 1860 నుంచి ఆ నగరం కుక్కలను పట్టి చంపుతూ వచ్చింది. 1959లో మొదలైన జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, 1964 నుంచీ చంపడానికి బదులు ఆపరేషన్లు చేయమని అడుగుతూనే ఉంది. 1996లో నగరపాలక సంస్థ ఒప్పుకొనే నాటికి రోజుకు 135 కుక్కలను చంపుతున్న స్థితి. వందేళ్లకు పైగా జీతాలిచ్చి, బళ్లు తిప్పి చంపించినా కుక్కల సంఖ్య తగ్గలేదు. చంపిన చోట చెత్త ఉంది, తిండి ఉంది. పక్క వీధి కుక్కలు వచ్చి చేరాయి. మిగిలిన ఆడకుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకొచ్చి, అరవై మూడు రోజులకు ఈని, ఖాళీని నింపేశాయి. జనన నియంత్రణను కుక్కల ప్రేమికుల ముచ్చటగా చూసేవారు ఈ ఒక్క విషయం గమనించాలి. చంపడానికి ప్రజల డబ్బు ఖర్చుపెట్టి, ఆ డబ్బు వృథా అయిందని తేలాకనే దేశం ఈ దారికి వచ్చింది.

కేంద్రం నుంచి వచ్చే సాయం చాలాకాలం నామమాత్రంగా ఉండేది. జంతు సంక్షేమ మండలి ఒకప్పుడు కుక్కకు రూ.445 చొప్పున తిరిగి చెల్లించేది. ఇప్పుడు సవరించిన పథకంలో కుక్కకు రూ.800, పిల్లికి రూ.600 ఇస్తామంటోంది. ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఆపరేషన్ గదులు, బోన్లు, కోలుకునే గదులు కట్టుకోవడానికి ఒకేసారి రూ.2 కోట్ల వరకు గ్రాంటు ఉంది. చిన్న జంతువుల ఆశ్రయాలకు రూ.15 లక్షలు, పెద్ద జంతువుల ఆశ్రయాలకు రూ.27 లక్షల వరకు వేరే సాయముంది.

వీటిని ఒక పట్టణానికి వర్తింపజేసి చూద్దాం. పదివేల వీధికుక్కలున్న ఊరనుకుంటే, సంఖ్య నిజంగా తగ్గుముఖం పట్టాలంటే అందులో 70 శాతానికి ఆపరేషన్లు జరగాలి. ఏడువేల కుక్కలకు రూ.1,650 చొప్పున రూ.1 కోటి 15 లక్షల 50 వేలు. అందులో కేంద్రం రూ.56 లక్షలు భరిస్తే, పట్టణం మీద పడేది దాదాపు రూ.60 లక్షలు. ఓ మోస్తరు పురపాలక సంఘానికి ఇది అసాధ్యమైన మొత్తమేమీ కాదు. చిక్కు ఎక్కడుందంటే, ఆ డబ్బు ఒక్క ఏడాదిలో ఒక్కచోట ఖర్చు కావడం లేదు. ఈ ఏడాది ఎనిమిది వందల కుక్కలు, వచ్చే ఏడాది టెండరు ఆలస్యమై రెండు వందలు, ఆ పై ఏడాది పాత బిల్లులు అందక సంస్థ తప్పుకోవడం. ఇలా సాగితే, ఆపరేషన్ చేసిన కుక్కలు చచ్చిపోయే లోపు చేయనివి రెట్టింపు పిల్లలను పెడతాయి. ఖర్చు మాత్రం పద్దులో కనిపిస్తూనే ఉంటుంది.

కుక్కకు ఇంత అని చెల్లించే పద్ధతిలోనే ఇంకో లోపముంది. సులువుగా దొరికే కుక్కను పట్టినా, పొదల్లో దాక్కునే పిల్లతల్లిని పట్టినా డబ్బు ఒక్కటే. సంఖ్యను తగ్గించేది రెండోది. సంస్థ బిల్లును పెంచేది మొదటిది. ఒక వార్డులో ఎన్ని కుక్కలున్నాయో ముందు లెక్కించి, అందులో 70 శాతం కుక్కలకు ఆపరేషన్ గుర్తుగా చెవి గాటు పడిందని తనిఖీలో తేలాక మిగతా డబ్బిచ్చే పద్ధతి పెడితే, సంస్థలు పిల్లతల్లుల కోసం వెతుకుతాయి. చెవి గాటు దూరం నుంచే కనిపిస్తుంది. తనిఖీకి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు.

కోర్టులో జరిగినది

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఢిల్లీ, దాని పరిసర నగరాల్లోని వీధికుక్కలన్నింటినీ పట్టి ఆశ్రయాల్లో పెట్టాలని, తిరిగి వదలొద్దని ఆదేశించింది. దేశమంతా ఉలిక్కిపడింది. ఆ ఆదేశం వెనక ఉన్న బాధను తేలిగ్గా తీసిపారేయలేం. కాట్లకు గురవుతున్నది ఎక్కువగా నడిచి వెళ్లే పిల్లలు, ముసలివాళ్లు, తెల్లవారుజామున పనికి వెళ్లేవాళ్లు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు దాడి చేసి నాలుగేళ్ల బాలుడిని చంపేసిన దృశ్యాలు చూసిన తెలుగువాళ్లెవరూ ఆ బాధను మరిచిపోలేరు. తెలంగాణ హైకోర్టు అప్పుడు తనంతట తానే ఆ కేసును విచారణకు తీసుకుంది.

కానీ ఆశ్రయం మాట వచ్చిన వెంటనే అంకెలు అడ్డొచ్చాయి. మాజీ కేంద్ర మంత్రి మేనకా గాంధీ ఢిల్లీ వరకే దీనికి రూ.15,000 కోట్లు కావాలన్నారు. ఆ అంచనాతో ఏకీభవించకపోయినా, మన పదివేల కుక్కల పట్టణాన్నే తీసుకోండి. ఒక కుక్కకు రోజుకు తిండికీ, మనిషి కూలికీ కలిపి రూ.40 సరిపోతుందని అనుకున్నా, ఏడాదికి రూ.14 కోట్ల 60 లక్షలవుతుంది. స్థలం, షెడ్లు, డాక్టర్లు, జబ్బులు, గుంపుగా ఉంచితే వచ్చే కాట్లాటలు ఇందులో చేరలేదు. పైగా ఇది ఏటా వచ్చే ఖర్చు. ఆపరేషన్లకు అయ్యే కోటీ పదిహేను లక్షలతో పోల్చితే ఎంత తేడానో చెప్పనక్కర్లేదు.

పదకొండు రోజుల తర్వాత, ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, రేబిస్ అనుమానమున్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు. మళ్లీ నవంబరు 7న, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి పట్టిన కుక్కలను అక్కడే తిరిగి వదలరాదనీ, ఆశ్రయాలకు తరలించాలనీ చెప్పింది. హైవేల మీద తిరిగే పశువులనూ తొలగించమంది. అంటే ఎంత వద్దనుకున్నా, ప్రతి పురపాలికకూ ఇప్పుడు కొన్ని కుక్కలకైనా శాశ్వత ఆశ్రయం నడిపే ఖర్చు తప్పదు. ఈ కొత్త ఖర్చు కోసం పాత ఆపరేషన్ల పద్దును కోస్తే, ఆశ్రయాలు నిండుతూనే ఉంటాయి, బయట పిల్లలు పుడుతూనే ఉంటాయి. ఈ రెండు పద్దులూ విడివిడిగా ఉండి తీరాలి.

ఆవుకు సెస్సు ఉంది

నిలకడగా డబ్బు రాబట్టడం మన ప్రభుత్వాలకు చేతకాని పనేం కాదు. రాజస్థాన్ 2017లో స్టాంపు డ్యూటీ మీద 10 శాతం సర్‌చార్జి వేసి ఆ డబ్బును గోసంరక్షణకు మళ్లించడం మొదలుపెట్టింది. తర్వాత మద్యం మీదా అలాగే వేసింది. ఉత్తరప్రదేశ్ 2019లో మద్యం, మార్కెట్ యార్డులు, టోల్ వసూళ్ల మీద గోసంక్షేమ సెస్సు పెట్టి, ఆశ్రయాల్లో ఉన్న పశువుకు రోజుకు రూ.30 ఇవ్వడం మొదలుపెట్టింది. 2023లో దాన్ని రూ.50 చేసింది. ఆ డబ్బు సరిపోతోందా, గోశాలలు ఎలా ఉన్నాయి అన్నది వేరే చర్చ. ఏటా పడే ఒక పన్ను, దానికి అతుక్కున్న ఒక పని ఉండటం వల్ల, బడ్జెట్ రోజున ఎవరూ దాన్ని మరిచిపోలేరు. కుక్కకు అలాంటి తాడేమీ లేదు.

ఇతర దేశాల స్థానిక ప్రభుత్వాలు ఈ తాడును పెంపుడు కుక్కల దగ్గర వెతుక్కున్నాయి. జర్మనీలో కుక్క పెంచుకునేవారు పురపాలికకు పన్ను కట్టాలి. బెర్లిన్‌లో మొదటి కుక్కకు ఏడాదికి 120 యూరోలు, ఆ తర్వాత ప్రతి కుక్కకు 180. దేశం మొత్తం మీద ఏటా 40 కోట్ల యూరోలకు పైగా వస్తుంది. ఈ పన్నును ఫలానా పనికే అని కేటాయించరు, అది సాధారణ ఖజానాలో కలుస్తుంది. అయితే తప్పిపోయి దొరికిన జంతువును చూసుకోవడం అక్కడ పురపాలిక చట్టబద్ధ బాధ్యత. అందుకే ఊళ్లు జంతు సంక్షేమ సంఘాలతో ఒప్పందాలు చేసుకుని, జనాభా లెక్కన ఏటా ఇంత అని చెల్లిస్తుంటాయి. ఇక్కడ చెల్లించేది జంతువుల సంఖ్యను బట్టి కాకపోవడం వల్ల, ఆశ్రయం తలుపులు నెలాఖరు బిల్లు కోసం ఎదురుచూడవు.

అమెరికాలో న్యూ హ్యాంప్‌షైర్ చిన్న రాష్ట్రం. అక్కడ 1994లో ప్రతి కుక్క లైసెన్సు మీదా అదనంగా రెండు డాలర్లు వేసి ఒక నిధి పెట్టారు. ఆశ్రయాల నుంచి జంతువును తీసుకున్నవారికి, ప్రభుత్వ సాయం మీద బతికే పేదలకు ఆ నిధి నుంచి చవగ్గా ఆపరేషన్లు చేయించారు. ఆరేళ్లలో ఆశ్రయాల్లో చంపే కుక్కలు, పిల్లుల సంఖ్య దాదాపు నాలుగింట మూడు వంతులు తగ్గిపోయింది. కెనడాలో క్యాల్గరీ నగరం ఆపరేషన్ అయిన జంతువుకు తక్కువ, కాని జంతువుకు ఎక్కువ లైసెన్సు రుసుము పెట్టి, ఆ వసూళ్లతోనే నగర ఆశ్రయం నడిపింది. పేద కుటుంబాల పెంపుడు జంతువులకు ఉచితంగా ఆపరేషన్లు చేసింది.

మన దగ్గర వీధికుక్కల్లో కొన్ని ఒకప్పుడు ఇంటి కుక్కలో, ఇంటి కుక్కల పిల్లలో. కొనుక్కుని, పెరిగాక భరించలేక వదిలేసినవి, ఆపరేషన్ చేయించకుండా గేటు బయటికి వదిలినవి. అయినా లైసెన్సు రుసుముకూ, ఆపరేషన్ల నిధికీ మన పురపాలికల్లో ముడి లేదు. చెన్నైలో లైసెన్సు తప్పనిసరి చేసి, లేకుంటే రూ.5,000 జరిమానా అన్నారు. లైసెన్సు రుసుము మాత్రం రూ.50. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లో ఖరీదైన జాతి కుక్కలు పెరుగుతున్న కాలమిది. ఆపరేషన్ చేయించినవారికి రుసుము నామమాత్రంగా ఉంచి, చేయించనివారికి గట్టిగా పెంచి, ఆ డబ్బును పక్కన ఖాతాలో వేసి, వార్డులో పేదలు పెంచుకునే కుక్కలకు ఉచిత ఆపరేషన్లు చేయిస్తే కొత్త చట్టమేమీ అక్కర్లేకుండానే చాలా మేలు జరుగుతుంది.

ఒక ఊరంతా ఒకేసారి

జైపూర్‌లో హెల్ప్ ఇన్ సఫరింగ్ సంస్థ 1994 నవంబరు నుంచి 2002 డిసెంబరు దాకా 24,986 కుక్కలకు ఆపరేషన్లు, టీకాలు చేసింది. ఆ ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది. మనుషుల రేబిస్ కేసులు సున్నాకు చేరాయి. గోవాలో ప్రభుత్వం మిషన్ రేబిస్ సంస్థతో ఒప్పందం చేసుకుని, ఇల్లిల్లూ, వీధివీధీ తిరిగి టీకాలు వేయించి, ఫోన్‌లోని యాప్‌తో ఏ కుక్కకు ఎక్కడ వేశారో గుర్తించింది. 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. సిక్కిం 2006 నుంచే రాష్ట్రమంతటికీ ఒక్క కార్యక్రమం పెట్టింది. భూటాన్ అయితే 2023 అక్టోబరులో తన వీధికుక్కలన్నింటికీ ఆపరేషన్లు పూర్తయ్యాయని ప్రకటించింది. చివరి దశలో చేసినవి 61,680.

ఈ నాలుగు చోట్లా డబ్బు మధ్యలో ఆగలేదు. పని ఒక హద్దులో మొదలై, ఆ హద్దు నిండాకే పక్కకు జరిగింది.

మనకు ఇది అందని పని కాదు. హైదరాబాద్‌లో ఫతుల్లగూడ, చుడీబజార్, పటేల్‌నగర్, మహదేవ్‌పూర్‌లలో నగరపాలక సంస్థ జంతు సంరక్షణ కేంద్రాలున్నాయి. విశాఖలో వీఎస్‌పీసీఏ అనే జంతు సంరక్షణ సంస్థ 1996 నుంచీ, హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ 1992 నుంచీ పనిచేస్తున్నాయి. డాక్టర్లున్నారు, చేయి తిరిగిన పట్టేవాళ్లున్నారు.

ఖర్చు లెక్కలో ఎప్పుడూ చేరని ఇంకో పద్దుంది. కేంద్రం పార్లమెంటుకు చెప్పిన ప్రకారం 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షలకు పైగా. ప్రతి కాటుకూ సర్కారు దవాఖానలో టీకా ఉచితం. గాయం లోతైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, దాని ధర ఎక్కువ. నాలుగైదు సార్లు ఆసుపత్రికి తిరగాలి. రోజుకూలి చేసేవాడికి ఒక్కో తిరుగుడు ఒక్కో రోజు కూలి. ఈ ఖర్చు ఆరోగ్యశాఖది, ఆ కుటుంబానిది. పురపాలక సంఘం ఆపరేషన్లు వాయిదా వేసి ఆదా చేశామనుకున్న డబ్బు, పక్క శాఖలో, పేదవాడి జేబులో ఖర్చవుతూనే ఉంది. జిల్లా స్థాయిలోనైనా ఆరోగ్య, పురపాలక, పశుసంవర్ధక శాఖల లెక్కలు ఒక్క బల్ల మీద పెట్టి చూస్తే, కుక్కల ఆపరేషన్లకు డబ్బు లేదన్న మాట నిలవదు.

అన్నిటికన్నా కష్టం పల్లెలది. చిన్న పంచాయతీకి సొంత ఆదాయం తక్కువ. పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టుబడి ఉండేది. ఆపరేషన్ గది, బోన్లు, సీసీ కెమెరాలు, గుర్తింపు పత్రం ఉన్న కేంద్రం ఒక్క పంచాయతీ కట్టలేదు. కేరళలో దీనికి ఒక మార్గం వెతికారు. గ్రామ పంచాయతీలు తమ ప్రణాళికా నిధుల్లోంచి వాటా వేస్తే, జిల్లా పంచాయతీ ఆ డబ్బంతా కూర్చి ఆపరేషన్లు చేయించింది. ఆ పని చాలా చోట్ల కుడుంబశ్రీ అనే మహిళా సంఘాలవారు చేశారు. జంతు సంక్షేమ మండలి గుర్తింపు లేదని 2021 డిసెంబరులో హైకోర్టు ఆపేదాకా అది నడిచింది. ఆగింది గుర్తింపు లేక తప్ప, డబ్బు కూర్చిన పద్ధతిలో లోపం వల్ల కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏరియా పశువైద్యశాలలున్నాయి, మండల పరిషత్తులున్నాయి, మహిళా సంఘాలున్నాయి. నాలుగైదు మండలాలు కలిసి ఒక పశువైద్యశాలను ఎంచుకుని, కేంద్రమిచ్చే రూ.2 కోట్లతో గదులు, బోన్లు కట్టుకుని, ముందే గుర్తింపు తెచ్చుకుని, ఒక్కో పంచాయతీ తన ఊరి కుక్కల లెక్కన వాటా వేస్తే, ఒక వేసవిలో ఒక మండలం పూర్తి చేయొచ్చు. మార్చి బడ్జెట్లకు ముందే జిల్లా పరిషత్తులు ఆ వాటా ఎంతో తేల్చి, అడగాల్సిన గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలి.